కరెంటు పోయి వచ్చాక ఇంట్లో కంప్యూటర్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఏప్రిల్ సగం దాటిందంటే నల్లగొండ, పాలమూరు వైపు సాయంత్రాలకు నమ్మకం ఉండదు. పొద్దంతా మండిన ఎండ ఒక్కసారిగా ఈదురుగాలిగా మారుతుంది, ఎక్కడో కొమ్మ విరిగి తీగల మీద పడుతుంది, ఊరంతా చీకటి. టైపు చేస్తున్న ఫైలు చెడేది అప్పుడే. కానీ మెషీన్ కాలిపోయేది ఎక్కువగా కరెంటు తిరిగి వచ్చాక, మొదటి కొద్ది నిమిషాల్లో. అందుకే ఈ జాగ్రత్తలన్నీ ఆ నిమిషాల చుట్టూనే ఉంటాయి.

లైను ఇవ్వగానే వీధిలోని ఫ్రిజ్‌లు, ఏసీలు, బోరు మోటర్లు ఒకేసారి లేస్తాయి. మోటరు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తీసుకునే దానికి ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది. పొలాలకూ ఇళ్లకూ ఒకే లైను ఉన్నచోట, ఆటో స్టార్టర్లు పెట్టిన మోటర్లు ఎవరూ స్విచ్ వేయకుండానే అందులో కలుస్తాయి. 230 వోల్టులు ఉండాల్సింది కిందికి పడి, మళ్లీ ఎగిరి, ఒక్కోసారి లైను తిరిగి ట్రిప్ అవుతుంది. ఆ కుదుపులన్నీ తగిలేది సీపీయూలోని ఎస్‌ఎంపీఎస్‌కే, అంటే గోడ కరెంటును మార్చి లోపలి భాగాలకు అందించే డబ్బాకే.

కరెంటు పోగానే

కంప్యూటర్ స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకేయండి. మబ్బు పట్టి ఉరుములు దగ్గర పడుతున్నాయంటే కరెంటు పోయేదాకా ఆగొద్దు. పని సేవ్ చేసి, షట్‌డౌన్ చేసి, ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ వైరు కూడా ముందే తీయండి. ఫైబర్ తీగ గాజుది, దానిలోంచి పిడుగు రాదు. దాని డబ్బాకున్న అడాప్టర్ ద్వారా మాత్రం రావచ్చు, కాబట్టి అదీ తీయాలి. నెత్తిన ఉరుములు మొదలయ్యాక వైర్ల జోలికి వెళ్లకండి.

తిరిగి వచ్చాక

ఒక లైటు, ఒక ఫ్యాను వేసి పది నిమిషాలు ఆగండి. ఫ్యాను వేగం నిలకడగా ఉంటే కంప్యూటర్ పెట్టుకోవచ్చు. ఒక గదిలో లైటు కళ్లు చెదిరేలా వెలిగి, ఇంకో గదిలో మిణుకుమిణుకుమంటుంటే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగినట్టు అనుమానించండి. 230 రావాల్సిన చోటికి 400 దాకా వచ్చే ప్రమాదం అది. వెంటనే మెయిన్ ఆపేసి, 1912కు ఫోన్ చేయండి. లైన్‌మెన్ వచ్చి సరిచేసేదాకా మెయిన్ వేయొద్దు.

బయాస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) ఒక సెట్టింగు కూడా చూసుకోండి: ‘రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్’ లాంటి పేరుతో ఉంటుంది. దాన్ని ‘పవర్ ఆఫ్’లో పెడితే కరెంటు రాగానే కంప్యూటర్ తనంతట తాను ఆన్ కాదు.

ఆన్ కాకపోతే

కాలిన వాసన వస్తే అక్కడితో ఆపి మెకానిక్‌కు ఇవ్వండి. వాసన లేకపోతే ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టి, మళ్లీ పెట్టి చూడండి. చాలాసార్లు ఇంతటితోనే లేస్తుంది. సాకెట్టు మార్చి, పవర్ కేబుల్ మార్చి చూడండి. ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే, ప్లగ్గు తీసేసి ర్యామ్ (మెమరీ పలక) ఊడదీసి, బంగారు రంగు అంచును రబ్బరుతో మెల్లగా తుడిచి గట్టిగా కూర్చోబెట్టండి. ప్రతిసారీ తేదీ, టైము తప్పుతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 సెల్లు అయిపోయినట్టే. తేదీ తప్పితే బ్యాంకు వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు, చాలామంది దాన్ని వైరస్ అనుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

ఆన్ అయ్యాక

విండోస్ ‘ఆటోమేటిక్ రిపేర్’ అని మొదలుపెడితే దాన్ని పని చేయనివ్వండి, ఆలస్యమవుతోందని మధ్యలో ఆపకండి. డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ 48 అంకెల కీ అడగవచ్చు. చాలా కంప్యూటర్లలో అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఈ రోజే ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

తెర రాగానే చేయాల్సిన మొదటి పని రిపేరు కాదు, కాపీ. పిల్లల ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, గ్రూప్స్ నోట్సు, మిర్యాలగూడ మిల్లు నుంచి ఇంటికి తెచ్చుకున్న లెక్కలు, ఏవి పోతే మళ్లీ దొరకవో అవి ముందు పెన్‌డ్రైవ్‌కు ఎక్కించండి. హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ అని చప్పుడు వస్తుంటే వెంటనే ఆపేయండి. దాని మీద ఏ స్కానింగూ నడపొద్దు. అది డేటా రికవరీ తెలిసినవాళ్ల చేతికి వెళ్లాల్సిన డిస్కు.

కాపీ అయ్యాక సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ అని వెళ్లి లోపాలు సరిచేయించండి. సేవ్ చేయని వర్డ్ ఫైలు కోసం ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లోకి వెళ్లి ‘రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్’ చూడండి. వర్డ్ మామూలుగా పది నిమిషాలకోసారి తనంతట తాను దాస్తుంది, ఆ గడువును రెండు నిమిషాలకు తగ్గించుకోవడం మంచిది. టాలీ ప్రైమ్ లెక్కలు తెరుచుకోకపోతే, ఆ ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేశాకే డేటా మెనూలో రిపేర్ నొక్కండి.

ఎర్తింగ్ సంగతి

సీపీయూ డబ్బాను తాకితే వేళ్లకు జిల్లుమంటోందా? అయితే ఇంటికి ఎర్త్ సరిగా లేదు. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్ వైరులోకి వదులుతుంది, దారి లేకపోతే అది డబ్బా మీదే నిలుస్తుంది. మన దగ్గర ఇది ఎక్కువే. దేవరకొండ, అచ్చంపేట వైపు తవ్వితే రాయి తగులుతుంది, పైగా వేసవిలో మట్టి ఎండిపోయి కరెంటును తీసుకోదు. ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు వేయించి, ఎండాకాలమంతా రెండు మూడు రోజులకోసారి బకెట్ నీళ్లు పోయండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల్లోకి మార్చే అడాప్టర్ వాడొద్దు. ఎర్త్ లేని సాకెట్‌లో ఎంత ఖరీదైన స్పైక్ బస్టర్ పెట్టినా అది సగం పనే చేస్తుంది.

యూపీఎస్, ఇన్వర్టర్

మామూలు ఇంటి కంప్యూటర్‌కు 600 వీఏ యూపీఎస్ సరిపోతుంది. అది పని కొనసాగించడానికి కాదు, సేవ్ చేసి ఆపుకోవడానికి. లోపలి 12 వోల్టుల బ్యాటరీ రెండు మూడేళ్లకు అరిగిపోతుంది. నెలకోసారి ముఖ్యమైన పనేదీ తెరిచి లేనప్పుడు గోడ స్విచ్ ఆపి చూడండి, కంప్యూటర్ వెంటనే ఆగిపోతే బ్యాటరీ మార్చే టైము వచ్చింది. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, ఆ లోడు మోయలేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ‘యూపీఎస్, నార్మల్’ అని ఉండే చిన్న స్విచ్‌ను యూపీఎస్ వైపు పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలబడేది సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. నార్మల్‌లో ఇన్వర్టర్ అంత త్వరగా మారదు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

చివరగా బ్యాకప్. ఒక బయటి హార్డ్‌డిస్క్ కొని వారానికోసారి కాపీ చేసి, అయిపోగానే వైరు తీసి బీరువాలో పెట్టండి. ఎప్పుడూ తగిలించే ఉంచితే కంప్యూటర్‌తో పాటు అదీ కాలుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ఫైళ్లను గూగుల్ డ్రైవ్‌లాంటి చోట కూడా ఒక కాపీ ఉంచండి.