గణితం బోధించడం నేర్చుకుందాం – 5వ పాఠం: తప్పు దారిలోనూ ఒప్పు జవాబు వచ్చే ఉదాహరణలు

కళాశాలలో గణితం చెప్పడం ఈ సంవత్సరమే మొదలుపెట్టిన అధ్యాపకుల కోసం సాగుతున్న ఈ పాఠాలలో, గతసారి ప్రశ్న అడిగి ఆగడం గురించి చెప్పుకున్నాం. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారనీ, దానిని 3 సెకన్లకు పెంచినా విద్యార్థుల జవాబులు నిడివిలోనూ ఆలోచనలోనూ మెరుగుపడుతున్నాయనీ 1970ల దశకంలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించిన సంగతి అక్కడ వివరించాను. మీలో చాలామంది ఆ ప్రకారమే చేశారు. తరగతిలో జవాబులు వచ్చాయి, అవి చాలావరకు ఒప్పులే; తీరా పరీక్ష పత్రాలు దిద్దేసరికి, గట్టిగా జవాబు చెప్పిన వారే అదే విషయంలో తప్పు రాశారని మీరు ఉత్తరాలలో వాపోయారు. ఆ లోపం మీది కాదు. ఎంతసేపు ఆగాలో చెప్పాను గాని, ఏ ప్రశ్న అడిగి ఆగాలో నేను చెప్పలేదు. అందువల్ల ఈ వారం చెప్పదలచిన ప్రశ్నపత్రం తయారీని పక్కన పెట్టి, ముందు దీని సంగతి చూద్దాం.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరం అవధుల మీద, అంటే ఎక్స్ ఒక బిందువుకు దగ్గరవుతుంటే ప్రమేయం విలువ ఏ సంఖ్యకు దగ్గరవుతుందన్న దాని మీద, ఒక చిన్న పరీక్ష పెట్టాను. 3 వద్ద విలువ 10గా, మిగిలిన అన్నిచోట్లా ఎక్స్ వర్గంగా ఉండే ప్రమేయాన్ని ఇచ్చి, ఎక్స్ 3ను సమీపిస్తున్నప్పుడు అవధి ఎంత అని అడిగాను. ఒక విద్యార్థి పత్రంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘3 వద్ద విలువ 10 కాబట్టి అవధి 10.’ అసలు జవాబు 9. కొట్టివేత లేదు, తడబాటు లేదు. ‘కాబట్టి’ కింద గీత కూడా ఉంది. మొదట విసుగు వచ్చింది. తర్వాత నా నోట్సు తీసి చూసుకున్నాను. ఆ అధ్యాయంలో నేను నల్లబల్ల మీద చేసిన ఉదాహరణలలో అత్యధికం బహుపదులు. ప్రతిక్షేపిస్తే చాలు, అవధి వచ్చేస్తుంది. ‘అవధి అంటే ఆ బిందువు వద్ద విలువ’ అని అతడు తీర్మానించుకున్నాడు, ఆ తీర్మానాన్ని నా ఉదాహరణలు ప్రతిరోజూ బలపరిచాయి.

ఇక్కడ ఎక్స్ వర్గం నుంచి 9 తీసివేసి, ఎక్స్ నుంచి 3 తీసివేసిన దానితో భాగించే ఉదాహరణను నేనూ చేశాను కదా అని మీరు అనవచ్చు. అది సరిపోదు. విద్యార్థి దానిని ‘ముందు కొట్టివేయి, తర్వాత ప్రతిక్షేపించు’ అని నేర్చుకుంటాడు. 6 వస్తుంది, మార్కులూ వస్తాయి, పాత తీర్మానం మాత్రం చెక్కుచెదరదు. విలువ లేని చోట ఆ తీర్మానానికి పరీక్షే ఎదురుకాదు. విలువ ఉండి, అవధికి భిన్నంగా ఉన్నప్పుడే అది కూలుతుంది. అందుకే 10 పెట్టిన ఆ ప్రమేయాన్ని నేనిప్పుడు పరీక్ష దాకా ఆపకుండా మొదటి రోజునే నల్లబల్ల మీద రాస్తాను. గణిత విద్యా పరిశోధకులు డేవిడ్ టాల్, శ్లోమో విన్నర్ 1981లో అవధులను, అవిచ్ఛిన్నతను తీసుకునే ఈ విషయం వివరించారు: విద్యార్థి నిర్వచనాన్ని అప్పజెప్పగలిగినా, లెక్క చేసేటప్పుడు తాను చూసిన ఉదాహరణల నుంచి మనసులో కట్టుకున్న రూపాన్నే వాడుకుంటాడు. ఆ రూపానికి ముడిసరుకు మనం ఇచ్చిందే.

అన్నిటికంటె ఎక్కువగా నన్ను బాధించేది 2 అనే అంకె. కొత్త అధ్యాపకుల నోట్సు ఏది చూసినా అదే కనిపిస్తుంది. ఎక్స్ వర్గానికి 2 వద్ద అవకలజం, అంటే అక్కడి స్పర్శరేఖ వాలు, ఎంత అని అడుగుతారు. విలువ 4, అవకలజమూ 4. ప్రమేయం విలువకు, స్పర్శరేఖ వాలుకు తేడా తెలియని విద్యార్థి కూడా 4 అనే చెబుతాడు, మీరు సంతోషించి ముందుకు వెళతారు. 1 తీసుకుంటే ఇంకొక చిక్కు: ఘాతాన్ని ముందుకు తెచ్చి, దానిని ఒకటి తగ్గించడం మరచిన వానికీ 2 వస్తుంది, సరిగా చేసిన వానికీ 2 వస్తుంది. సంవర్గమానాల (లాగరిథమ్‌ల) దగ్గర 2ను, 2ను కూడితే మరీ ప్రమాదం; మొత్తం యొక్క సంవర్గమానం సంవర్గమానాల మొత్తమనే తప్పు సూత్రం అక్కడ నిజమై కూర్చుంటుంది, ఎందుకంటే రెండు రెళ్ల లబ్ధమూ మొత్తమూ నాలుగే. నేను 3, 5 వాడతాను. అయితే 3 కూడా అన్నిచోట్లా నిర్దోషి కాదు: ఎక్స్ ఘనానికి 3 వద్ద విలువ 27, అవకలజమూ 27. ఘాతమూ బిందువూ ఒకే సంఖ్య అయినప్పుడల్లా ఇదే జరుగుతుంది, కాబట్టి ఆ రెండూ వేరుగా ఉండేటట్లు చూసుకోండి.

మాత్రికల గుణకారంలో ఇదే తప్పు వికర్ణ మాత్రికల, అంటే ప్రధాన వికర్ణం మీద తప్ప మిగతా చోట్ల సున్నాలే ఉండే మాత్రికల, రూపంలో వస్తుంది. లెక్క తేలిక అని వాటితో మొదలుపెడితే, స్థానానికి స్థానం గుణించిన వానికీ సరైన లబ్ధమే వస్తుంది. పైగా క్రమం మార్చినా లబ్ధం మారదు. మొదటి వరుస 1, 2, రెండవ వరుస 3, 4గా ఉన్న మాత్రికను, వరుసలు 0, 1 మరియు 1, 0గా ఉన్న మాత్రికతో కుడివైపు నుంచి గుణిస్తే నిలువు వరుసలు తారుమారవుతాయి, ఎడమవైపు నుంచి గుణిస్తే అడ్డ వరుసలు తారుమారవుతాయి. లెక్క అంతే తేలిక, తప్పు దారి మాత్రం వెంటనే బయటపడుతుంది.

పాఠం తయారు చేసుకునేటప్పుడు నేను చేసే పని ఇది. ప్రతి ఉదాహరణ పక్కన, పేజీ అంచులో, విద్యార్థి చేయగల తప్పు దారులలో ఒకటి రెండింటిని నిజంగా చేసి, వాటి జవాబులు రాసుకుంటాను. అసలు జవాబుతో ఏదైనా కలిస్తే సంఖ్య మారుస్తాను. దీనివల్ల ఇంకొక ప్రయోజనం ఉంది: ఎక్స్ వర్గానికి 3 వద్ద అవకలజం అడిగినప్పుడు తరగతిలో ఎవరైనా 6కు బదులు 9 అని జవాబిస్తే, అవకలజం అడిగితే విలువ చెప్పారని అక్కడికక్కడే తెలుస్తుంది, ‘తప్పు, ఇంకెవరు చెబుతారు’ అని పక్క బెంచీ వైపు తిరగవలసిన అవసరం ఉండదు. ఇందుకు అచ్చు స్లైడ్ల కంటె చేతిరాత నోట్సే నాకు అనువుగా ఉంటుంది, అంచు ఉంటుంది కనుక. ఏ తప్పు దారులు ఉంటాయో తెలియకపోతే, ఇంతకుముందు దిద్దిన పత్రాలే చెబుతాయి. వాటిని దిద్దేటప్పుడు మార్కులతో పాటు తప్పులను కూడా ఒక కాగితం మీద దింపుకోండి.

అభ్యాసం. వచ్చే వారం మీరు చెప్పబోయే ఉదాహరణలన్నిటికీ, ఒక్కటి కూడా వదలకుండా, మూడేసి తప్పు దారుల జవాబులు రాయండి. ఇది ఒక సాయంత్రంలో తేలే పని కాదు, రెండు మూడు రోజులు పెట్టుకోండి. ఆ తర్వాత ఈ రెండు లెక్కలు చేయండి. స్థానానికి స్థానం గుణించినా సరైన లబ్ధమే వచ్చే, వికర్ణ మాత్రికలు కాని రెండు మాత్రికలను కనుక్కోండి. లబ్ధం యొక్క అవకలజం అవకలజాల లబ్ధమే అనే తప్పు సూత్రం అన్ని బిందువుల వద్దా నిజమయ్యే, స్థిరాలు కాని రెండు ప్రమేయాలను కనుక్కోండి. ఘాత ప్రమేయాలలో వెతకండి, అక్కడ కూడా ఆ 2 మీకు ఎదురవుతుంది. మీకు దొరికిన జవాబులతో 6వ పాఠం మొదలుపెడతాను.