ఇంటి ప్లాన్ ఎలా వేసుకోవాలి: మంచం, తలుపు, నడక నుంచి మొదలుపెట్టి

ఇల్లు కట్టాలనుకోగానే అందరూ మొదట తేల్చుకునేది చదరపు అడుగులు. ఆ అంకె ఖాయమయ్యాక గదులను పెట్టెల్లా పక్కపక్కన పేర్చి, మిగిలిన సందుల్లో తలుపులు, కిటికీలు ఇరికిస్తారు. అలా పుట్టిన ప్లాన్ కాగితం మీద బాగానే కనిపిస్తుంది. సామాను దిగిన రోజున తెలుస్తుంది, మంచానికి గోడ చాలలేదని, బీరువా తలుపు సగమే తెరుచుకుంటోందని. గీసే వరుస తిరగబడటం వల్లే ఈ తిప్పలన్నీ. ముందు మంచం, తలుపు రెక్క, మనిషి నడిచే దారి గీసుకుని, వాటి చుట్టూ గోడలు పెట్టుకుంటూ రావాలి.

1. గీయకముందే రాసుకోవాలి

ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఇంట్లోంచి పనిచేసేవాళ్లున్నారా, పదిహేనేళ్ల తర్వాత మెట్లెక్కలేని వయసుకు ఎవరు వస్తారు: ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టండి. కొత్త ఇంటికి వెంట తెచ్చుకునే ప్రతి పెద్ద సామానుకూ టేపు పట్టండి. పొడవు, వెడల్పుతో పాటు తలుపు తెరిచినప్పుడు ఎంత జాగా కావాలో కూడా రాయండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ విషయంలో ఇది తప్పనిసరి.

స్థలం గురించి కూడా రాసుకోండి. దిక్కులు, గాలి వచ్చే వైపు, రోడ్డు చప్పుడు, పక్కింటి కిటికీలు ఎక్కడున్నాయి, మురుగునీరు ఎటు పోవాలి. చుట్టూ ఎంత ఖాళీ వదలాలో, ఎంత ఎత్తు కట్టొచ్చో స్థానిక నిబంధనలు ముందే తెచ్చుకోండి. అవి తెలియకుండా గీసిన ప్లాన్ మళ్లీ మొదటికొస్తుంది.

2. గోడల మందం ముందే తీసేయండి

గళ్ల కాగితం తీసుకుని ఒక గడిని ఒక అడుగు అనుకోండి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న ఇంటికి బయటి కొలతల ప్రకారం 1200 చదరపు అడుగులు. బయటి గోడలు 9 అంగుళాల ఇటుకవైతే అవే దాదాపు 103 చదరపు అడుగులు తింటాయి. లోపల నాలుగున్నర అంగుళాల గోడలు మొత్తం 100 అడుగుల పొడవు వస్తే ఇంకో 37. మొత్తం కలిపి 140, అంటే ఒక పెద్ద పడగ్గదంత చోటు గోడల్లోకే పోయింది. ప్లాస్టరింగ్ ఇంకా లెక్కలోకి రాలేదు.

అందుకే గోడను ఒంటి గీతగా గీయొద్దు. మందంతో, రెండు గీతలుగా గీయండి. ఒంటి గీతల ప్లాన్‌లో సరిగ్గా సరిపోయిన వార్డ్‌రోబ్, కట్టాక మూడు అంగుళాల తేడాతో పట్టకుండా పోతుంది.

3. గదులను గుండ్రాలుగా వేయండి

గోడల జోలికి వెళ్లకుండా, ఒక్కో గదికి ఒక గుండ్రం గీసి, పక్కపక్కన ఉండాల్సిన వాటిని గీతలతో కలపండి. వంటగదికి భోజనాల చోటు ఆనుకునే ఉండాలి. బయట నుంచి సరుకులు తెచ్చే దారి వంటగదికి దగ్గరగా ఉండాలి. బట్టలు ఉతికే చోటు నుంచి ఆరేసే చోటుకు హాలు దాటి వెళ్లే పని పడకూడదు.

తర్వాత ఇంటిని రెండు భాగాలుగా చూడండి: వచ్చినవాళ్లు కూర్చునే భాగం, ఇంటివాళ్లు పడుకునే భాగం. అతిథి బాత్రూమ్‌కి వెళ్లాలంటే పడగ్గది ముందు నుంచి నడవాల్సి వస్తే ఆ గుండ్రాలు జరపాల్సిందే. ఇక్కడ ఒక గంట ఎక్కువ కూర్చున్నా నష్టం లేదు. కనీసం మూడు రకాలుగా వేసి చూడండి, ఎందుకంటే మొదటిది దాదాపు ఎప్పుడూ ఇప్పుడున్న ఇంటికి నకలే అవుతుంది.

4. పడగ్గది: లెక్క మంచంతో మొదలవుతుంది

డబుల్ కాట్ పరుపు సుమారు 5 అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు. తలవైపు చెక్కతో కలిపితే పొడవు 7 అడుగులు. 10 బై 10 గదిలో దీన్ని వేసి చూద్దాం. మంచానికి రెండు పక్కలా రెండున్నర అడుగులు, కాళ్లవైపు 3 అడుగులు మిగులుతాయి. ఇంతవరకూ బాగుంది. ఇప్పుడు 2 అడుగుల లోతున్న వార్డ్‌రోబ్ పెట్టండి. కాళ్లవైపు పెడితే నడవడానికి మిగిలేది ఒక్క అడుగు. పక్కన పెడితే, దాని ముందు నిలబడి తలుపు తీయడానికి కావాల్సిన 3 అడుగులు వదిలేసరికి, మంచం రెండో గోడకు అతుక్కుపోతుంది. ఆ వైపు పడుకునేవాళ్లు రాత్రి లేవాలంటే పక్కవాళ్ల మీదుగా దిగాలి. అదే గది 10 బై 12 అయితే, 12 అడుగుల వైపు వార్డ్‌రోబ్‌కి 2, దాని ముందు 3, మంచానికి 5, అవతలి పక్క 2. సరిగ్గా కుదిరింది. పెరిగింది ఇరవై చదరపు అడుగులే.

తలుపు ఇంకా ముఖ్యం. 12 అడుగుల గోడకు నట్టనడుమ 3 అడుగుల తలుపు పెడితే అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర మిగులుతాయి. 5 అడుగుల మంచం తల పెట్టడానికి రెండు ముక్కల్లో ఏదీ పనికిరాదు. అదే తలుపు మూలకు జరిపితే ఎనిమిదిన్నర అడుగుల గోడ ఏకంగా దొరుకుతుంది. మూలకు జరిపేటప్పుడు ద్వారబంధానికి, పిడికి 4 నుంచి 6 అంగుళాలు వదలండి. తలుపు వెనక వార్డ్‌రోబ్ రావాలంటే 2 అడుగులకు పైగా వదలాలి. తలుపు రెక్క తిరిగే వంపును ప్రతి గదిలోనూ గీయాలి. అది గీయని ప్లాన్‌లో స్విచ్ బోర్డు చివరికి తలుపు వెనకే తేలుతుంది.

తలుపుల వెడల్పు: ముఖద్వారం 3.5 అడుగులు, గదులకు 3, బాత్రూమ్‌కి 2.5. చక్రాల కుర్చీ వెళ్లాలంటే తెరిచాక మధ్యలో కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలి. కింది అంతస్తులో ఒక పడగ్గదికీ దాని బాత్రూమ్‌కీ ఈ కొలత ఇప్పుడే ఇచ్చేయండి. కట్టాక వెడల్పు చేయడమంటే గోడ పగలగొట్టడమే.

5. వంటగది

సింకు, స్టవ్, ఫ్రిజ్ మూడింటినీ కలిపే త్రిభుజాన్ని 1940లలో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో లెక్కగట్టారు. ఇప్పటికీ పనికొచ్చే కొలమానం అది. ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 26 అడుగులు దాటకూడదు. ఆ త్రిభుజం లోపల నుంచి ఇంకెవరూ నడిచే దారి ఉండకూడదు. వంటగదిలోంచే పెరట్లోకి తలుపు ఉన్న ఇళ్లలో సరిగ్గా ఇదే తప్పు జరుగుతుంది: వేడి గిన్నె పట్టుకున్నవాళ్లకు అడ్డంగా పిల్లలు పరిగెడుతుంటారు. తలుపును గది చివరకు జరిపితే చాలు.

తరిగే పనంతా సింకుకీ స్టవ్‌కీ మధ్యే జరుగుతుంది కాబట్టి అక్కడ 3 అడుగుల గట్టు ఖాళీగా ఉంచండి. ఫ్రిజ్ పక్కన తీసినవి దించుకోవడానికి 15 అంగుళాలైనా కావాలి. వంటగట్టు లోతు 2 అడుగులు. ఎత్తు మాత్రం ఎక్కువసేపు వంట చేసేవాళ్లను బట్టి: నిలబడి మోచేయి మడిచినప్పుడు దానికి 4 నుంచి 6 అంగుళాల కింద. ఎదురెదురు గట్లుంటే మధ్యలో మూడున్నర అడుగులు, ఇద్దరు కలిసి వంట చేస్తే నాలుగు. స్టవ్‌ను కిటికీ కిందే పెట్టొద్దు. గాలికి మంట చెదురుతుంది, కిటికీ మూయాలంటే మంట మీదుగా చేయి చాచాలి. ఆ కిటికీ సింకుకి ఇవ్వండి.

6. హాలు, భోజనాల చోటు

ఆరుగురు కూర్చునే బల్ల 3 బై 5 అడుగులు. కుర్చీ వెనక్కి లాగి లేవడానికి ప్రతి వైపూ 3 అడుగులు చొప్పున కలిపితే 9 బై 11 అడుగుల చోటు కావాలి. కూర్చున్నవాళ్ల వెనక నుంచి మనుషులు నడిచే వైపు మరో అర అడుగు నుంచి అడుగు దాకా కలపండి.

హాలుకు నాలుగు వైపులా తలుపులుంటే అది హాలు కాదు, నాలుగు రోడ్ల కూడలి. సోఫా వేయడానికి ఒక మూల కూడా మిగలదు. తలుపులన్నీ ఒక వైపుకు చేరేలా చూసి, దారిని హాలు అంచు వెంట నడపండి. ముఖద్వారం తెరవగానే లోపలి పడగ్గది మంచం కనిపిస్తోందా? తలుపు మీద స్కేలు పెట్టి గీత గీస్తే తెలిసిపోతుంది. టీవీ గోడకు అవతల మంచం తల రాకూడదు. తప్పకపోతే మధ్యలో వార్డ్‌రోబ్ పెట్టండి, చప్పుడు కొంత ఆగుతుంది. నడవా వెడల్పు మూడున్నర అడుగులు ఉంటే బీరువా తిప్పడానికి ఇబ్బంది ఉండదు.

7. బాత్రూమ్‌లు, పైపులు

5 బై 8 అడుగుల్లో మంచి బాత్రూమ్ వస్తుంది, వరుస సరిగా ఉంటే: తలుపు దగ్గర వాష్ బేసిన్, మధ్యలో కమోడ్, చివర 3 అడుగుల స్నానం చోటు. తడి అంతా చివరే ఉండిపోతుంది. కమోడ్ నడిమి నుంచి పక్కగోడకు 15 అంగుళాలకు తగ్గకూడదు, 18 ఉంటే హాయి. ముందు 2 అడుగులు.

కమోడ్‌ను బయటి గోడకు గానీ పైపులు నిలువుగా దిగే సందుకు (డక్ట్) గానీ ఆనించి పెట్టండి. దాని పైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలాలి. 10 అడుగుల దూరం పాకిస్తే రెండున్నర అంగుళాల వాలు, పైపు మందం దానికి అదనం. అదంతా నేల కిందే దాచాలి. పై అంతస్తు బాత్రూమ్ కింది బాత్రూమ్ మీదే రావాలి, లేదంటే వంటగది మీద. పడగ్గది సీలింగ్ మీద బాత్రూమ్ వస్తే, ఎప్పుడు లీకైనా తడిసేది మంచమే.

8. మెట్లు: ప్లాన్‌లో అబద్ధం చెప్పేది ఇక్కడే

మెట్లకు "6 బై 8" అని ఒక పెట్టె గీసేసి వదిలేస్తుంటారు. లెక్క వేయండి. అంతస్తు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. మెట్లు రెండు వరుసలు, నడుమ మలుపు తిరిగే చదును చోటు ల్యాండింగ్. 8 అడుగుల్లో 3 ఆ ల్యాండింగ్‌కి పోతే 5 మిగిలాయి. 10 అంగుళాల మెట్లు ఆరు పడతాయి, వరుసకు ఏడు ఎక్కులు (ఎక్కు అంటే ఒక మెట్టు నుంచి పైదానికి ఉన్న ఎత్తు; చివరి మెట్టు నుంచి పైకి ఎక్కేదీ ఒకటి). రెండు వరుసలకు పద్నాలుగు. 120ని పద్నాలుగుతో భాగిస్తే ఒక్కో ఎక్కు ఎనిమిదిన్నర అంగుళాలు! మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ మెట్లెక్కలేరు. మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు, పెట్టెలో పట్టింది అంతే.

17వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఫ్రాన్స్వా బ్లాండెల్ పేరుతో ఒక సూత్రం ఉంది: రెండు ఎక్కుల ఎత్తు, ఒక మెట్టు వెడల్పు కలిపితే మనిషి నడిచేటప్పుడు వేసే ఒక అంగ దూరం రావాలి. ఇప్పటి వాడుకలో అది 24, 25 అంగుళాలు. 120 అంగుళాలను పద్దెనిమిది ఎక్కులు చేస్తే ఒక్కోటి 6.7 అంగుళాలు, మెట్టు 11 అంగుళాలు. కలిపితే 24.3. వరుసకు ఎనిమిది మెట్లు, అంటే 7 అడుగుల 4 అంగుళాలు. ల్యాండింగ్‌తో కలిపి 10 అడుగుల 4 అంగుళాలు. వెడల్పు, రెండు వరుసలకూ మధ్య సందుకూ కలిపి ఆరున్నర. మొదటి మెట్టు ముందు నిలబడేందుకు 3 అడుగులు వేరే.

ల్యాండింగ్ కింద టాయిలెట్ పెట్టుకుందామనే ఆలోచన దాదాపు ప్రతి ఇంట్లో వస్తుంది. ల్యాండింగ్ ఉండేది 5 అడుగుల ఎత్తులో, స్లాబ్ మందం తీస్తే కింద నాలుగున్నరే. నేల దించితే తప్ప అక్కడ నిలబడలేరు, నేల దించితే నీళ్లు బయటికి పోవు. ఆ చోటు సామానుకు వదిలేయండి.

9. వెలుగు, గాలి

కిటికీ పై అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, పగటి వెలుగు దానికి రెండు నుంచి రెండున్నర రెట్ల దూరం లోపలికి చేరుతుంది. 7 అడుగుల ఎత్తైతే 14 నుంచి 17 అడుగులు. గది అంతకంటే లోతుగా ఉంటే వెనకభాగంలో పగలే లైటు వేసుకోవాలి. గాలి ఆడాలంటే కిటికీలు రెండు వేర్వేరు గోడలకు ఉండాలి. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టినా గాలి లోపలికి వచ్చి అక్కడే ఆగిపోతుంది.

పడమటి ఎండ సాయంత్రం బాగా కిందికి దిగి వస్తుంది, సజ్జ దాన్ని ఆపలేదు. ఎండ తీవ్రంగా ఉండే చోట్ల ఆ వైపు మెట్లు, బాత్రూమ్‌లు, సామాన్ల గది పెడితే పడగ్గదులకు అవే అడ్డుగోడలవుతాయి.

10. పిల్లర్లు

పై అంతస్తు గోడలు కింది గోడల మీద రావాలి. పిల్లర్ల మధ్య దూరం 10 నుంచి 15 అడుగుల్లో ఉంటే బీములు మామూలు లోతులోనే సరిపోతాయి. పిల్లర్ల చోట్లు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో ఖాయం చేయించుకుని, ప్లాన్ మీద అసలు కొలతలతో గీయండి. వార్డ్‌రోబ్ మూలలో పిల్లర్ పొడుచుకురావడం ఇక్కడే కనిపెట్టొచ్చు.

11. ప్లాన్ మీద ఒక రోజు నడవండి

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక రంగు పెన్సిల్ తీసుకుని, పొద్దున లేచిన దగ్గర్నుంచి బయటికి వెళ్లేదాకా వాళ్ల దారి గీయండి. ఒకే బాత్రూమ్ ముందు మూడు రంగులు కలుస్తున్నాయా? చెత్తబుట్ట బయటికి వెళ్లే దారి సోఫా ముందు నుంచా? తడి గొడుగు, చెప్పులు ఎక్కడ ఆగుతున్నాయి? సామాను దాచే అరలు, అటకలకు మొత్తం విస్తీర్ణంలో పదో వంతైనా రావాలి. ఇవి తేలాకే స్విచ్చులు గుర్తించండి: మంచానికి రెండు పక్కలా, మెట్లకు కిందా పైనా, తలుపు పిడి ఉన్న వైపు.

12. నేల మీద అసలు కొలతల్లో గీసి చూడండి

తవ్వకం మొదలుపెట్టకముందు స్థలంలో సున్నంతో గోడలన్నీ గీయించండి. ఖాళీ నేల మీద ఏ గది గీసినా చిన్నదిగానే అనిపిస్తుంది, ఎందుకంటే కంటికి పోల్చుకోవడానికి గోడలు, సామాను లేవు. కంగారుపడి అక్కడికక్కడే గది పెంచమంటే పక్కగది చెడుతుంది. మంచం కొలతకు కోసిన గుడ్డో అట్టో పరిచి, చుట్టూ నడిచి నిర్ణయించుకోండి. అక్కడ చేసిన ప్రతి మార్పునూ ప్లాన్‌లోకి ఎక్కించి, తేదీ వేసి, కొత్త ప్రతులు అందరికీ ఇవ్వండి. పాత కాగితాలన్నీ వెనక్కి తీసుకోండి. పనిచోట ఒక్క పాత ప్రతి మిగిలినా, మేస్త్రీ చేతికి చిక్కేది అదే కావచ్చు.