నల్లగొండ నుంచి డబ్బింగ్ ఆర్టిస్ట్ కావాలంటే ఎట్ల

మా దిక్కు పిల్లలు చాలామంది అడుగుతుంటరు, అక్కా నా గొంతు మంచిగుంటది అంటరు, డబ్బింగ్‌లకు ఎట్ల పోవాలె అని. నేను పుట్టి పెరిగింది నల్లగొండ దగ్గర పల్లెల, హైదరాబాద్‌ల సీరియల్స్‌కు, తమిళం నుంచి వచ్చే సినిమాలకు గొంతు ఇయ్యవట్టి పదకొండేండ్లయితుంది, నాకు తెల్సినంత చెప్త. ముందుగాల ఒక్క మాట యాది పెట్టుకోండ్రి, గొంతు మంచిగుండుడు ఆఖరు సంగతి. యాక్టింగ్ రావాలె, దానికంటే ముందు వినుడు రావాలె.

ఇది ఉత్తగ అంటలేను. ఈ పనిల పేరు తెచ్చుకున్న ఆడోళ్లను చూడుండ్రి. దీపా వెంకట్ తమిళ సీరియల్స్‌ల నటించినామె, 2013ల వచ్చిన రాజా రాణి తమిళ సినిమాల నయనతారకు గొంతు ఆమెదే, ఆ తర్వాత ఎన్నో సినిమాలల్ల ఇద్దరు కలిసి ఒక్క మనిషి లెక్క వినవడ్డరు. రోహిణి అయితే మన తెలుగామెనే, అనకాపల్లిల పుట్టి చిన్నప్పుడే బాలనటి అయింది, స్త్రీ సినిమాల నటనకు జాతీయ అవార్డులల్ల ప్రత్యేక ప్రస్తావన వచ్చింది, 1995ల బొంబాయి తమిళ సినిమాల మనీషా కొయిరాలాకు గొంతు ఇచ్చింది కూడ ఆమెనే. సరితది గుంటూరు దగ్గర మునిపల్లె, 1978ల మరో చరిత్రతోని వచ్చింది, తర్వాత విజయశాంతి, సౌందర్య, నగ్మా లాంటోళ్లకు గొంతయింది. రవీనా రవిది ఇంకో తొవ్వ, వాళ్లమ్మ శ్రీజా రవి డబ్బింగ్ ఆర్టిస్ట్, బిడ్డ కూడ చిన్నప్పటి సంది మైక్ ముందర నిలబడి, 2017ల ఒరు కిడాయిన్ కరుణై మను అనే తమిళ సినిమాల హీరోయిన్ అయింది. ఒకరు కెమెరా కాడికెళ్లి మైక్ కాడికి వచ్చిన్రు, ఒకరు మైక్ కాడికెళ్లి కెమెరా కాడికి పోయిన్రు, ఎందుకంటే రెండు కాడల చేసేది ఒక్కటే పని. అందుకే మీ కాలేజీల నాటకం వేస్తుంటే పోయి వేషం కట్టుండ్రి, చిన్నదైనా సరే, బతుకమ్మ కాడ పాట ఎత్తుకునే అలవాటున్నా మస్తు పనికొస్తది, ఊపిరి ఎక్కడ తీసుకోవాలెనో ఒంటికి దానంతటదే తెలుస్తది.

ఇంట్ల ప్రాక్టీస్ ఎట్లంటే, రోజు ఇరవై నిమిషాలు పేపర్ గట్టిగ చదువుండ్రి. శ, ష, స మూడు వేరే వేరే పలకాలె, ళకు లకు, ణకు నకు తేడా వినవడాలె, ఒత్తులు మింగొద్దు. తర్వాత ఏదన్న సీరియల్ సీన్ ఫోన్‌ల పెట్టుకొని నాలుగైదు సార్లు విని, సౌండ్ బంద్ చేసి, బొమ్మను చూస్తూ మీరే మాట్లాడి ఇంకో ఫోన్‌ల రికార్డ్ చేయుండ్రి. మొదట్ల మాట అయిపోయినంక కూడ బొమ్మ నోరు కదులుతనే ఉంటది, నెల రోజులు విడువకుంట చేస్తే కుదురుతది. రేకుల ఇంట్ల గొంతు మోగుతది, అందుకే పరుపులు, దుప్పట్లు పెట్టే మూలకు కూసొని, ఫ్యాన్ బంద్ చేసి చేయుండ్రి.

ఇగ అసలు విద్య పెదాల కాడ ఉంటది. ప, ఫ, బ, భ, మ, వీటికి పెదాలు కలవాలె. బొమ్మల పెదాలు కలిసినప్పుడు మన మాటల ఈ అక్షరం ఒకటి పడితే చూసేటోళ్లకు అది డబ్బింగ్ అని అనిపియ్యదు. తమిళంల పరవాయిల్లై అంటే మనం పర్వాలేదు అంటం, మొదటి అక్షరమే ప, హాయిగ కూసుంటది. వా అంటే మనకు రా, రెండిట్ల నోరు తెరిచే ఉంటది, దాంతోని కూడ పేచీ లేదు. కానీ వేండాం అన్నప్పుడు ఆఖరికి పెదాలు మూసుకుంటయి, మన వద్దుకు మూసుకోవు. అప్పుడేం చేస్తమంటే వద్దు అని, ఎంటనే మూసిన పెదాలతోని ముక్కుల నుంచి చిన్నగ మ్ అని ఊపిరి ఇడుస్తం, ఆ మనిషి బాధల ఉంటే ఆ మ్ ల ఏడుపు కొంచెం కలుపుతం, కోపంల ఉంటే బిర్రుగ కొడతం. స్క్రిప్ట్‌ల ఆ మ్ రాసి ఉండది, విని పట్టుకోవాలె. తమిళం మన లెక్కనే క్రియ ఆఖరికి వస్తది కాబట్టి కొంత నయం, ఇంగ్లీష్ బొమ్మలకు చెప్పేటప్పుడు వాళ్ల మొఖంల కోపం మొదట్లనే వస్తది, మన మాటల అది ఆఖరుకు పడ్తది, అక్కడ డైలాగ్ రాసేటాయన మాటలు ముందటికి ఎనకకు జరిపి ఇస్తడు, అయినా కుదరకుంటే ఇట్ల అంటే ఎట్లుంటది సార్ అని మర్యాదగ అడుగుండ్రి, ఎవరు ఏమనరు.

యాస గురించి మన పిల్లలు చాలా భయపడ్తరు. మన మాట విడిచిపెట్టకుండ్రి. పుస్తకాల భాష తప్పకుంట నేర్చుకోవాలె, ఎక్కువ పని అండ్లనే ఉంటది, కానీ తెలంగాణ పాత్ర వచ్చినప్పుడు వాళ్లకు నిజంగ మాట్లాడేటోళ్లు కావాలె. తమిళనాడు కోత్తగిరి అమ్మాయి సాయి పల్లవి 2017ల ఫిదా సినిమాల బాన్సువాడ పిల్ల పాత్రకు తన డబ్బింగ్ తనే చెప్పుకున్నది, బయటి భాషామె కష్టపడి మన యాస నేర్చుకొని చెప్తే జనం ఎంత దగ్గరికి తీసుకున్నరో చూసినం కదా, మనకు అది పుట్టుకతోనే వచ్చింది, దాన్ని దాసుకునుడు ఎందుకు? నల్లగొండ మాట, పాలమూరు మాట కూడ ఒక్కటి కాదు, మీ అమ్మమ్మలు మాట్లాడుతుంటే ఫోన్‌ల రికార్డ్ చేసి పెట్టుకోండ్రి, నేను మా అమ్మమ్మది పెట్టుకున్న, ముసలామె పాత్ర వస్తే ముందు అదే వింట.

హైదరాబాద్ పోవుడు పెద్ద కష్టం కాదు. నల్లగొండల బస్ ఎక్కితే నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదికెళ్లి ఎల్బీనగర్, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేట్‌ల మారి యూసుఫ్‌గూడల దిగితే కృష్ణానగర్ దగ్గర్నే. పాలమూరోళ్లు జడ్చర్ల, షాద్‌నగర్ మీదికెళ్లి వస్తరు. డబ్బింగ్ థియేటర్లు ఎక్కువ ఆ కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ చుట్టుపక్కలనే ఉంటయి. మీ గొంతు శాంపిల్ రెండు నిమిషాలకు మించొద్దు, అండ్ల ఒక ఏడుపు, ఒక కోపం, ఒక చిన్న పిల్ల, ఒక ముసలామె, ఒకటి మామూలు మాట ఉండాలె, మ్యూజిక్ కలపకుండ్రి. డబ్బింగ్‌కు గొంతులు కుదిర్చే కోఆర్డినేటర్లకు పంపి వారం ఆగి ఒకసారి ఫోన్ చేయుండ్రి. డబ్బింగ్ ఆర్టిస్టుల యూనియన్ కార్డు సంగతి యూనియన్ ఆఫీస్‌కే పోయి కనుక్కోండ్రి, నడిమిట్ల మనిషి చేతుల పైసలు పెట్టకుండ్రి. నేను మొదట్ల ఒక కాడ నేర్పిస్తమంటే మా నాయిన వడ్లు అమ్మిన పైసలు కట్టిన, మూడు నెలలల్ల ఒక్కసారి కూడ మైక్ ముందర నిలబెట్టలే, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలే. పైసలు కట్టే ముందు ఎన్నిసార్లు మైక్ ఇస్తరు అని అడుగుండ్రి, సక్కగ చెప్పకుంటే లేచి వచ్చేయుండ్రి.

మొదట్ల వచ్చేది గుంపు పని. పెండ్లి సీన్ ఉంటది, ఐదారుగురం ఒక్క మైక్ చుట్టు నిలబడి గుసగుసలు, నవ్వులు చెప్తం. అండ్ల కూడ మీరు ఎవరో అనుకోండ్రి, పెండ్లి పిల్ల మేనత్తనా, భోజనానికి తొందరపడే పక్కింటామెనా, రికార్డ్ చేసే సౌండ్ ఇంజనీర్‌కు ఆ తేడా వినవడుతది, మళ్లసారి పేరు పెట్టి పిలుస్తడు.

మైక్ మస్తు సున్నితంగ ఉంటది. గాజులు, పట్టీలు తీసి బ్యాగ్‌ల పెట్టుండ్రి, గంజి పెట్టిన బట్ట కట్టకుండ్రి, ఫోన్ బయటనే ఇడువుండ్రి. ఖాళీ కడుపుతోని పోవద్దు, ఆకలికి కడుపు మొత్తుకుంటే అది కూడ రికార్డ్ అయితది, ఒక ఏడుపు సీన్‌ల నా టేక్ అట్లనే పోయింది, అప్పటి సంది రెండు ఇడ్లీలన్న తిని పోత. మైక్‌కు జానెడు దూరం పెట్టుకోండ్రి, ప, బ పలికేటప్పుడు గాలి నేరుగ కొట్టకుంట మొఖం కొంచెం పక్కకు తిప్పుండ్రి. హెడ్‌ఫోన్ ఒక చెవు మీదికెళ్లి జర జరిపితే మీ గొంతు మీకు వినవడుతది. అరిచే సీన్లు ఉంటే ఆఖరికి పెట్టుమని అడుగుండ్రి, ముందే అరిస్తే గొంతు బొంగురు పోయి మిగిలిన రోజంతా ఖరాబైతది. పైసలు ఎంత, ఎప్పుడిస్తరు అనేది పని మొదలు కాకముందే మాట్లాడుకొని, తారీఖుతోని నోట్‌బుక్‌ల రాసి పెట్టుకోండ్రి. సెషన్ రాత్రి ఏ టైమ్‌కు అయిపోతదో చెప్పలేం, అందుకే ఆ రోజుకు హైదరాబాద్‌ల చుట్టాలింట్లనో, దోస్తు హాస్టల్‌లనో ఉండేటట్టు పొద్దుగాలనే మాట్లాడి పెట్టుకొని, ఇంట్ల అమ్మకు అడ్రస్ ఇచ్చి పోవాలె.