గోల్ఫ్ గ్రీన్‌లో నీరు నిలవకుండా చేసే విధానం: వంశధార, నాగావళి తీరాలకు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాలలో వరి మడికి దమ్ము చేసి నీటిని నిలబెట్టడం మనవారికి తరతరాలుగా వచ్చిన నేర్పు. గోల్ఫ్ గ్రీన్‌కు, అంటే మైదానంలో బంతిని గుంతలోకి దొర్లించే పొట్టి గడ్డి చోటుకు, కావలసినది సరిగ్గా దానికి ఎదురు పని. గ్రీన్ మీద గరిక జాతి గడ్డిని నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తుకే కోస్తారు కనుక దాని వేరు లోతుకు దిగదు. ఆ కొద్దిపాటి వేరు చుట్టూ నీరు నిలిచి గాలి అందకపోతే గడ్డి పసుపుబారి, శిలీంధ్ర తెగుళ్లకు లోనై చచ్చిపోతుంది. అందువల్ల గడ్డి రకాన్ని ఎంచుకోవడానికి ముందే నీరు పోయే దారిని నిర్ణయించాలి.

అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో తొలిసారి ప్రచురించిన పద్ధతి మన కుండపోత వానలకు తగినది. గ్రీన్ పూర్తయ్యే మట్టానికి 40 సెం.మీ. దిగువన అడుగు నేలను పై వాలుకు అనుగుణంగా మలచి, దిమ్మిస కొట్టాలి. అందులో 15 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. లోతు గల కాలువలను చేపముల్లు ఆకారంలో, 4.5 మీటర్లకు మించని ఎడంతో తవ్వి, 10 సెం.మీ. వ్యాసం గల చిల్లుల పైపులను పది మీటర్లకు కనీసం 5 సెం.మీ. వాలు వచ్చేలా కంకర మధ్య పరచాలి. ఆపైన అంతటా 10 సెం.మీ. కంకర, దానిమీద 30 సెం.మీ. ఇసుక మిశ్రమం వేయాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మన వైపు గ్రావెల్ అని అడిగితే ఎర్రమట్టి కలిసిన మొరం దించి వెళతారు. అది ఒక్క వర్షాకాలంలోనే పైపులను పూడ్చగలదు. కడిగిన కంకర చిప్స్ అని స్పష్టంగా చెప్పి, దించే ముందు చేతితో పట్టి చూడండి.

ఇసుక విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఏటి ఇసుకలో ఒండ్రు ఎంత ఉందో తెలుసుకోవడానికి గాజు సీసాలో సగం ఇసుక, మిగిలిన సగం నీరు పోసి, బాగా కుదిపి, ఒక రోజు కదపకుండా ఉంచండి. ఇసుక పైన మెత్తని మన్ను పొరగా పేరుకుంటే ఆ ఇసుకను కడిగించాలి, లేదా మరో రేవు నుంచి తెప్పించాలి. రేణువుల పరిమాణాన్ని ప్రయోగశాలలో కూడా పరీక్షింపజేయడం మంచిది. పొలానికి బలమిచ్చే చెరువు మట్టిని ఇందులో ఎంతమాత్రం కలపకండి. ఇసుక మందం అంతటా సమానంగా ఉండాలి. ఎందుకంటే సన్నని ఇసుకలోని నీరు అడుగు భాగం పూర్తిగా తడిసేవరకు కింది ముతక కంకరలోకి దిగదు, కాబట్టి మందం తగ్గిన చోట వేరు నీటిలో మునుగుతుంది, పెరిగిన చోట వేసవిలో ఎండుతుంది.

పైపు చివర కలిసే కాలువ వరదలో ఎంత ఎత్తుకు పొంగుతుందో చూసి, ఆ మట్టానికి పైన నీటిని వదలాలి. ఎలుకలు, ఎండ్రకాయలు దూరకుండా మూతికి జాలీ బిగించాలి.

ఏటా వర్షాలకు ముందు బోలు సూదుల యంత్రంతో నేలకు రంధ్రాలు చేసి, మొదట వాడిన రకం ఇసుకతోనే నింపాలి. తవ్వి తీసిన పెళ్లలో నల్లని పొర కనిపించి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడడం లేదని అర్థం. అప్పుడు తడులు తగ్గించి, ఆ చోట రంధ్రాలను మరింత దగ్గరగా వేయించాలి.