సిడ్నీ నుంచి రాయల్ నేషనల్ పార్కుకు ఒక్క రోజులో వెళ్లి రావడం ఎలా

సిడ్నీ నడిబొడ్డు నుంచి దక్షిణంగా సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే రాయల్ నేషనల్ పార్కు మొదలవుతుంది. 1879లో ఏర్పడిన ఈ పార్కు ప్రపంచంలోని అతి పాత నేషనల్ పార్కుల్లో ఒకటి. లోకల్ రైలు దాని అంచు దాకా వెళ్తుంది కనుక చాలామంది దీన్ని పేటలోని పార్కులాగే లెక్కేసి తీరిగ్గా బయలుదేరుతారు. తీరా మధ్యాహ్నం దాటాక, రైలుకీ రోడ్డుకీ దూరంగా, ఫోనులో సిగ్నల్ కూడా లేని కొండ అంచున నిలబడి ఆలోచనలో పడతారు. అందువల్ల ఏమేం చూడాలన్న జాబితా కంటే ముందు ఎలా తిరిగి రావాలన్నది తేల్చుకోవాలి.

కారు లేనివారికి ఉత్తరపు వైపు నుంచి వెళ్లడమే సులువు. రైల్లో క్రొనల్లా స్టేషనులో దిగి, కొద్దిదూరం నడిస్తే రేవు వస్తుంది. అక్కడి నుంచి పోర్ట్ హ్యాకింగ్ జలాల మీదుగా సుమారు అరగంటలో ఫెర్రీ బుండీనా ఊరికి చేరుస్తుంది. పడవలు దాదాపు గంటకొకటి ఉంటాయి. బుండీనా నుంచి వచ్చే చివరి పడవ సమయాన్ని ఆ రోజు కాలపట్టికలో చూసుకుని, అప్పటిదాకా మీకున్న సమయంలో సగం గడిచేసరికి వెనక్కి తిరగాలన్న నియమం పెట్టుకోండి. కారున్నవారు ఆడ్లీ మీదుగా రావచ్చు. వాహనానికి రోజుకు 12 డాలర్ల ప్రవేశ రుసుము ఉంటుంది. ఆడ్లీ వద్ద రోడ్డు హ్యాకింగ్ నది ఆనకట్ట మీదుగా సాగుతుంది కాబట్టి, పెద్ద వాన పడిన తర్వాత నీరు పొంగి ఆ దారి మూసివేస్తారు. అప్పుడు వాటర్‌ఫాల్ అనే ఊరి వైపు నుంచి చుట్టి రావలసి ఉంటుంది.

పార్కుకు పేరు తెచ్చిన కోస్ట్ ట్రాక్ బుండీనా నుంచి ఆట్‌ఫర్డ్ దాకా 26 కిలోమీటర్లు. దాన్ని ఒకే రోజులో ముగించేవారు ఉన్నారు గానీ, మొదటిసారి వెళ్లేవారికి నేను ఆ సలహా ఇవ్వను. పడవ దిగి, ట్రాక్ మొదలయ్యే చోటికి చేరి, మార్లీ బీచ్ దాకా నడిచి వెనక్కి రావడం ఒక రోజుకు సరిపోతుంది. ఈ భాగంలో చెట్ల నీడ చాలా తక్కువ. మోకాలెత్తు పొదల మధ్య ఇసుకరాయి పలకలు పరుచుకుని ఉంటాయి. వాటిలో ఇనుము తుప్పు గీసిన ఎర్రటి చారలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. కొన్నిచోట్ల నేల కోసుకుపోకుండా ఎత్తుగా వేసిన జాలీబాట మీద నడుస్తారు. వసంతంలో, అంటే అక్కడి సెప్టెంబరు ప్రాంతంలో, మనిషికి రెండింతలకు మించిన కాడ మీద గైమియా లిల్లీ ఎర్రటి పూలగుత్తి విచ్చుకుని ఉంటుంది.

వెడ్డింగ్ కేక్ రాక్ అనే తెల్లని రాతి దిమ్మ ఈ దారిలోనే వస్తుంది. కింద భాగం తొలిచినట్లుండి ఎప్పుడైనా కూలవచ్చని తేలడంతో 2015లో దాని చుట్టూ కంచె వేశారు. కంచె దాటితే జరిమానా పడుతుంది. ఫొటో కోసం వచ్చే జనాన్ని చూస్తే, నడక అంతా ఆ ఒక్క రాయి కోసమేనా అనిపిస్తుంది. నన్నడిగితే, వాటమొల్లా బీచ్‌కు దక్షిణంగా ఉన్న ఈగిల్ రాక్ అంతకంటే చూడదగినది. గద్ద తలలా ముందుకు పొడుచుకొచ్చిన ఆ రాతి పక్కనే కర్రకర్రాంగ్ వాగు కొండకొమ్ము మీద నుంచి నేరుగా సముద్రంలోకి దూకుతుంది. సముద్రపు గాలి బలంగా ఉన్న రోజున ఆ నీరు కిందికి పడకుండా తిరిగి పైకి చిమ్ముతుంది. వాటమొల్లా దాకా కారులో వెళ్లి అక్కడి నుంచి నడవడం మేలు. అక్కడి వేసవిలో, అంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వారాంతాల్లో ఆ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది.

దక్షిణపు వైపున్న ఫిగర్ ఎయిట్ పూల్స్ విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త చెప్పినా తక్కువే. ఎనిమిది అంకె ఆకారంలో రాతిలో ఏర్పడిన ఆ నీటి గుంట సముద్ర మట్టానికి కాస్తంత ఎత్తులోనే ఉంటుంది. 2016 జనవరిలో పెద్ద అల విరుచుకుపడి అక్కడ పలువురు గాయపడ్డారు. నేషనల్ పార్కుల శాఖ ఈ చోటికి ప్రత్యేకంగా అలల ప్రమాద సూచన ప్రకటిస్తుంది. అది తక్కువ ప్రమాదమని చెప్పి, ఆటు సమయం కూడా కుదిరితేనే దిగండి. ఈ రెండిట్లో ఒకటి కుదరకపోయినా ఆ ఆలోచన మానుకోవాలి. తిరిగి పైకి రావడానికి నిట్టనిలువు దారి ఉంటుందని, కాళ్ల ఓపికను దానికి కూడా మిగుల్చుకోవాలని గుర్తుంచుకోండి.

ఈత కొట్టాలనుకునేవారు రక్షకులు నాటిన ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగాలి. గారీ బీచ్‌లో వేసవి వారాంతాల్లో రక్షకులు ఉంటారు. మార్లీ బీచ్ చూడడానికి అందంగా ఉన్నా లోపలికి లాగే ప్రవాహాల వల్ల ఈతకు ప్రమాదకరం. చిన్నపిల్లలతో వెళ్తే వాటమొల్లాలోని మడుగు నయం. అక్కడి కొండ మీద నుంచి నీటిలోకి దూకడం మాత్రం నిషిద్ధం.

కాలం సంగతికి వస్తే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ తీవ్రంగా ఉంటుంది, కార్చిచ్చు భయమూ ఉంటుంది. 1994 మంటల్లో పార్కులో అత్యధిక భాగం కాలిపోయింది. మంటల ముప్పు ఎక్కువగా ఉన్న రోజుల్లో పార్కునే మూసివేస్తారు కాబట్టి, బయలుదేరే రోజు ఉదయం శాఖ వెబ్‌సైటులోని హెచ్చరికలు చూడకుండా కదలవద్దు. జూన్, జూలై నెలల్లో చల్లగా ఉండడమే కాక, ఉత్తరానికి వలస వెళ్లే హంప్‌బ్యాక్ తిమింగలాలు ఒడ్డు నుంచే కనిపించే అవకాశం ఉంటుంది.

తాగునీరు మొత్తం వెంట తీసుకెళ్లాలి, దారిలో దొరుకుతుందని నమ్ముకోకూడదు. మనిషికి రెండు లీటర్లకు తగ్గవద్దు. టోపీ, పట్టు ఉన్న బూట్లు, పలచటి వానకోటు ఉంటే చాలు. పెంపుడు జంతువులకు అనుమతి లేదు. రాత్రి ఉండదలచినవారు నార్త్ ఎరా శిబిర స్థలాన్ని ముందుగా బుక్ చేసుకోవాలి. మీరు వెళ్లే దారిని, తిరిగి వచ్చే వేళను ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరండి. ఎమర్జెన్సీ ప్లస్ యాప్‌ను ముందే ఫోనులో పెట్టుకుంటే, అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోను చేసినప్పుడు మీరున్న స్థానాన్ని అందులో చూసి చెప్పగలుగుతారు.