బల్ల మీద పరుగెత్తే 'జడత్వ ఇంజన్' దారానికి వేలాడదీస్తే ఎందుకు ముందుకు పోదు?

సమస్య: జడత్వ ఇంజన్ అంటే బయట దేన్నీ తోయకుండా, లోపలి బరువు కదలికతోనే ముందుకు పోతుందని చెప్పే చక్రాల పెట్టె. పెట్టెలో మోటారు ఒక బరువును ముందుకీ వెనక్కీ కొడుతూ ఉంటుంది. చక్రాలను ఏదీ తిప్పదు. అయినా బల్ల మీద ముందుకు పోతుంది, వేలాడదీస్తే ఉన్నచోటే ఊగుతుంది. అమెరికాలో నార్మన్ డీన్ 1959లో పేటెంట్ తీసుకున్న యంత్రం కూడా ఈ కోవదే.

దయచేసి మోటారు, బ్యాటరీ మార్చకండి. ముందు పెట్టెను అటునుంచి ఇటు తిప్పి పెట్టండి. అయినా గదిలో అదే వైపు పోతే బల్ల వాలుగా ఉంది, అంతే. ఈ ఒక్క పనీ చేయకుండా నా దగ్గరికి వచ్చేవాళ్లే ఎక్కువ.

అసలు కారణం: ఘర్షణ. మొత్తం బరువు 500 గ్రాములు, స్థైతిక ఘర్షణ గుణకం (కదలకముందు బల్ల ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే సంఖ్య) 0.4 అనుకుందాం. పెట్టెను కదిలించాలంటే సుమారు 2 న్యూటన్లు కావాలి. బరువు ఒకవైపు గట్టిగా విసిరినప్పుడు పెట్టె మీద 3 న్యూటన్లు పడితే అది జారుతుంది. మెల్లగా వెనక్కి వచ్చేటప్పుడు 1 న్యూటనే పడితే బల్ల దాన్ని పట్టి ఉంచుతుంది. ముందుకు తోసేది బల్లే. దారానికి వేలాడదీస్తే ఆ పట్టు ఉండదు.

నన్ను మోసం చేసింది చక్రాలు. మంచి బేరింగులు వేశాం, ఘర్షణ పోయింది, అయినా కదులుతోంది కాబట్టి నిజమేనని ఒక విద్యార్థికి చెప్పి పోటీకి పంపాను. అక్కడ వేలాడదీస్తే వణికింది తప్ప పక్కకు జరగలేదు. ఆ పిల్లవాడి ముఖం ఇంకా గుర్తుంది. బేరింగులో పట్టు తగ్గుతుంది కానీ సున్నా కాదు. మెల్లగా వచ్చే తోపుడు దానికి లోబడి ఆగిపోతే చాలు, బండి ముందుకే పోతుంది. తర్వాత బేరింగుల్లో రెండు చుక్కల పలుచటి నూనె వేసి చూశాను. నిజంగా లోపలి నుంచి తోపుడు ఉంటే వేగం పెరగాలి. తగ్గింది! అప్పుడు నమ్మాను.

పరిష్కారం: మీటరు పొడవు దారాలతో వేలాడదీయండి. బ్యాటరీ పెట్టెలోనే ఉండాలి, బయటి వైరు లాగేస్తుంది. ఫ్యాన్ ఆపండి. 500 గ్రాముల పెట్టెకు 0.05 న్యూటన్ల నిలకడైన తోపుడు ఉంటే, అది ఊగే మధ్యబిందువు 1 సెంటీమీటరు పక్కకు జరగాలి. ఊపు చివరలు చూసి టెన్షన్ పడకండి. బరువు 2 సెకన్లకోసారి కొడితే ఆ దారం ఊపుతో లయ కలిసి ఊపు పెరుగుతుంది, మధ్యబిందువు మాత్రం కదలదు.

గాలి నిరోధం, అయస్కాంత క్షేత్రం ఇక్కడ వదిలేయండి.

నేల మీద నడిచే బండే కావాలంటే చక్రాలు తీసేయండి. ఒకవైపు వేగంగా, రెండోవైపు మెల్లగా కొట్టేలా లయ సరిచేయండి. పీజో మోటార్లలో (విద్యుత్ ఇస్తే కొద్దిగా సాగే పదార్థంతో నడిచేవి) ఒక రకం ఈ పట్టు-జారుడుతోనే సూక్ష్మంగా కదులుతుంది.