కటి కండరాల సాధన – మూడవ పాఠం: దగ్గుకు ముందే బిగింపు

కటి అడుగు కండరాలను గుర్తించడం మొదటి పాఠంలోను, పిరుదులు, తొడలు కదలకుండా వాటిని లోపలికి, పైకి లాగి పట్టడం రెండవ పాఠంలోను నేర్చుకున్నాము. పొత్తికడుపు కింద ముందున్న ఎముక నుండి వెనుక తోక ఎముక వరకు ఉయ్యాల గుడ్డలా పరచుకొని మూత్రాశయాన్ని, గర్భసంచిని మోసే ఈ కండరాలకు బలం ఒక్కటే చాలదు. సమయానికి బిగుసుకోవడం కూడా రావాలి.

దగ్గినప్పుడు కడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి మూత్రాశయాన్ని కిందికి నొక్కుతుంది. కండరాలు బాగున్న స్త్రీలో అవి దగ్గుకు లిప్తపాటు ముందే తమంతట తామే బిగిసి, మూత్రనాళం కింద గట్టి ఆనికగా నిలుస్తాయి కాబట్టి నాళం మూసుకొనే ఉంటుంది. కాన్పులలో సాగి దెబ్బతిన్న కండరం ఆలస్యంగా స్పందించినా, బలం చాలకపోయినా, ఆ లోపే నాలుగు చుక్కలు జారిపోతాయి. తానుగా జరగని ఆ బిగింపును మనమే ముందుగా తెచ్చుకోవడం ఈ పాఠం. తేలికపాటి సమస్య ఉన్న వయసు మళ్లిన మహిళలు ఒక్క వారం నేర్చుకోగానే దగ్గినప్పుడు జారే మూత్రం బాగా తగ్గిందని అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు 1998లో చూపించారు.

తువ్వాలును పొడవుగా గట్టిగా చుట్టి, కుర్చీ మీద ముందు నుండి వెనుకకు ఉంచి, దానిపై కాళ్లు చెరోవైపు వచ్చేలా కూర్చోండి. కండరాలను బిగించండి; తువ్వాలు మీది నుండి శరీరం కాస్త పైకి తేలినట్లు అనిపించాలి. ఆ పట్టు వదలకుండా చిన్నగా దగ్గి, తరువాత పూర్తిగా వదలండి. దగ్గినప్పుడు తువ్వాలు కిందికి నొక్కుకుంటే మీరు ముక్కుతున్నారని అర్థం. ఇది చాలామంది చేసే పొరపాటు, పైగా నష్టం చేసేది. అప్పుడు దగ్గును ఇంకా మెల్లగా తగ్గించుకోండి. కూర్చొని కుదిరాక నిలబడి చేయండి.

ఇక బిందె. మా శ్రీకాకుళం పల్లెల్లో బోరింగు దగ్గర నిండు బిందెను వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున చంకకు ఎత్తుకుంటారు. ఎక్కువగా తడిసేది అప్పుడే. బిందెను ఒంటికి దగ్గరగా లాక్కొని, మోకాళ్లు వంచి, ముందు కండరాలు బిగించి, ఊపిరి వదులుతూ లేవండి. ఉభాలలో, అంటే వరి నాట్లలో, నారుకట్ట ఎత్తేటప్పుడు, పలాస జీడి పని నుండి లేచేటప్పుడు కూడా ఇదే వరుస. తడి కనబడకుండా ముదురు రంగు చీరలు ఎంచుకొని, పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గించుకొని, కాన్పులైన ఆడదానికి ఇది మామూలే అని సరిపెట్టుకుంటున్న అక్కలను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఇది సాధనతో తగ్గించుకోగల సమస్య.

ఈ వారం రోజుకు 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపుల పాత సాధనను ఆపకండి. కనీసం 3 నెలలు సాగాలి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయవద్దు. మూత్రంలో రక్తం, మంట, లేదా యోని దగ్గర ఏదో జారినట్లు ఉంటే సాధన కంటే ముందు డాక్టరును కలవండి. బిగింపు అసలు తెలియకపోతే ఫిజియోథెరపిస్టు చేత చూపించుకోండి. తుమ్ము మనకు వ్యవధి ఇవ్వదు కనుక దానికి కావలసిన వేగపు బిగింపులను నాల్గవ పాఠంలో మొదలుపెడదాము.